ఆబ్జెక్టు ఫైలు: ప్రోగ్రాముకు బదిలీ కాగితాలు

మన సంఘం ప్రత్యేక సంచికకు "మీరు సర్వీసులో చేసిన పని గురించి, అందరికీ అర్థమయ్యేటట్లు" ఒక వ్యాసం రాయమని సంపాదకవర్గం మిత్రులు కోరారు. వేతన సవరణల గురించి, కరువు భత్యం బకాయిల గురించి నాకంటే బాగా రాయగల సమర్థులు మనలో ఎందరో ఉన్నారు. నా సర్వీసులో మొదటి సగం కంప్యూటరు విభాగంలోనూ, రెండో సగం మైక్రోప్రాసెసరు ప్రయోగశాలలోనూ గడిచింది. అందుచేత ఆ రంగంలోనే, పెద్దగా ఎవరూ పట్టించుకోని ఒక చిన్న విషయాన్ని తీసుకుంటున్నాను. అసెంబ్లరు అనే ప్రోగ్రాము తన పని పూర్తిచేసి బయటకు ఇచ్చే ఫైలు ఏ రూపంలో ఉండాలి, ఆ రూపాలు ఎన్ని రకాలు, అవి ఎందుకు వచ్చాయి, ఎందుకు పోయాయి అన్నదే ఆ విషయం.

మన పిల్లలు, మనుమలు చాలామంది ఇప్పుడు సాఫ్ట్‌వేరు ఉద్యోగాల్లో ఉన్నారు. వారు ప్రతిరోజూ ఈ ఫైళ్లను తయారు చేస్తూనే ఉంటారు గాని, వాటి లోపలికి తొంగిచూసే అవసరం వారికి అరుదుగా వస్తుంది. మా తరంలో చూడక తప్పేది కాదు.

అసెంబ్లరు అంటే ఏమిటి?

కంప్యూటరుకు అంకెలు తప్ప వేరే భాష రాదు. 8085 అనే మైక్రోప్రాసెసరును ఉదాహరణగా తీసుకుందాం. మన రాష్ట్రంలో పాలిటెక్నిక్, ఇంజనీరింగు చదివిన పిల్లలు దాన్ని ఎరుగుదురు. దానిలో బి అనే రిజిస్టరులో 9 అనే విలువ పెట్టాలంటే 06, 09 అనే రెండు సంఖ్యలు ఇవ్వాలి. పని ఆపాలంటే 76 ఇవ్వాలి. మనిషికి ఈ అంకెలు గుర్తుండవు. కనుక వాటి బదులు "ఎం.వి.ఐ. బి, 9", "హెచ్.ఎల్.టి." వంటి పొట్టి మాటలు వాడతాం. ఈ పొట్టి మాటల్ని అంకెలుగా మార్చి ఇచ్చే ప్రోగ్రామే అసెంబ్లరు.

అంకెలు ఇచ్చేస్తే పని అయిపోయినట్లేనా? కాదు. "ఫలానా చోటికి వెళ్లి అక్కడి ఆజ్ఞలు పాటించు" అనే ఆజ్ఞ ప్రోగ్రాములో అడుగడుగునా వస్తుంది. ఆ ఫలానా చోటు కూడా ఒక సంఖ్యే. ప్రోగ్రామును జ్ఞాపకశాలలో 1000వ గదినుంచి పెడితే ఆ సంఖ్య ఒకటి, 5000వ గదినుంచి పెడితే మరొకటి. పైగా పెద్ద ప్రోగ్రామును పదిమంది పది ముక్కలుగా రాస్తారు. ఒకరి ముక్కలో ఉన్న లెక్కను మరొకరి ముక్క పిలుస్తుంది. అసెంబ్లరు ఒక ముక్కను చూస్తున్నప్పుడు మిగతా తొమ్మిది ముక్కలు ఎక్కడ ఉంటాయో దానికి తెలియదు.

మనకు అలవాటైన పోలిక ఒకటి చెబుతాను. బదిలీ అయిన ఉద్యోగి పాత ఆఫీసులో రిలీవై, కొత్త ఆఫీసులో ఇంకా చేరలేదనుకోండి. అతని చేతిలో ఎల్.పి.సి. ఉంటుంది. అతని మూలవేతనం ఎంత, ఏయే కోతలు ఉన్నాయి, అడ్వాన్సు వాయిదాలు ఎన్ని మిగిలాయి అన్నీ అందులో ఉంటాయి. కొత్త చోట నింపవలసిన గళ్లు ఖాళీగా ఉంటాయి. ఆబ్జెక్టు ఫైలు సరిగ్గా అటువంటి ఉద్యోగే. అందులో నాలుగు సంగతులు ఉండాలి. ఒకటి, అసలు అంకెలు, అంటే ప్రోగ్రాము శరీరం. రెండు, ఈ ముక్క ఇతరులకు ఇవ్వగల పేర్లు. మూడు, ఈ ముక్క ఇతరులనుంచి కోరుతున్న పేర్లు. నాలుగు, చేరిన తర్వాత సరిదిద్దవలసిన చిరునామాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పే జాబితా. ఈ ముక్కలన్నిటినీ కలిపి, ఖాళీలు పూరించే ప్రోగ్రామును లింకరు అంటారు. జ్ఞాపకశాలలోకి ఎక్కించేది లోడరు.

ఎల్.పి.సి.కి ఒక నిర్ణీత ఫారం లేకపోతే కొత్త ఆఫీసులో జీతం ఆగిపోతుంది. అలాగే అసెంబ్లరు రాసిన రూపాన్ని లింకరు చదవలేకపోతే ప్రోగ్రాము కదలదు. ఆబ్జెక్టు ఫైలు ఫార్మాటు అంటే ఆ నిర్ణీత ఫారమే.

కాగితపు టేపు, అట్ట కార్డులు

యంత్రానికి అంకెల బదులు గుర్తులతో రాసే పద్ధతికి ఆద్యుల్లో లండను బర్క్‌బెక్ కళాశాలకు చెందిన కాథ్లీన్ బూత్ ఒకరు. 1947 ప్రాంతంలో ఆమె తమ ఏ.ఆర్.సి. యంత్రం కోసం ఈ దిశగా కృషి చేశారు. ఆమె 2022లో, నూరేళ్ల వయసులో కన్నుమూశారు.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో మారిస్ విల్క్స్ బృందం నిర్మించిన ఎడ్సాక్ 1949 మే 6న తన మొదటి ప్రోగ్రామును నడిపింది. దానికి ప్రోగ్రామును కాగితపు టేపు మీద బెజ్జాలుగా ఇచ్చేవారు. ఆ టేపును చదివి, అక్షరాలను అంకెలుగా మార్చి, జ్ఞాపకశాలలో పెట్టే పనిని "ఇనిషియల్ ఆర్డర్స్" అనే అతిచిన్న ప్రోగ్రాము చేసేది. డేవిడ్ వీలర్ రాసిన ఆ మొదటి ప్రోగ్రాములో ఉన్నవి 31 ఆజ్ఞలు మాత్రమే. తర్వాత ఆయనే దాన్ని మెరుగుపరచి రాశారు. ఈ రెండో రూపంలో, ఒక ఆజ్ఞ చివర ప్రత్యేక సంకేతాక్షరం ఉంటే, ఆ సబ్‌రొటీను ఎక్కడినుంచి మొదలైందో ఆ చిరునామాను యంత్రమే కలిపేది. అంటే ఒకసారి రాసి, సరిచూసి, పెట్టెలో దాచుకున్న టేపును ఎవరి ప్రోగ్రాములోనైనా, ఏ చోటనైనా అతికించుకోవచ్చు. విల్క్స్, వీలర్, గిల్ ముగ్గురూ కలిసి 1951లో ఈ పద్ధతి మీద గ్రంథమే ప్రచురించారు. చిరునామాల్ని చేరిన చోట సరిదిద్దడం అనే ఆలోచన అంత పాతది.

1964 ఏప్రిల్ 7న ఐ.బి.ఎం. సంస్థ సిస్టం/360 కంప్యూటర్లను ప్రకటించింది. వాటి ఆబ్జెక్టు ప్రోగ్రాము 80 గళ్ల కార్డుల కట్టగా వచ్చేది. నాలుగు రకాల కార్డులు ప్రధానం. పేర్ల పట్టిక ఇచ్చేవి ఇ.ఎస్.డి. కార్డులు. అసలు సరుకు ఉండేవి టి.ఎక్స్.టి. కార్డులు. చిరునామాలు సరిదిద్దవలసిన చోట్లు చెప్పేవి ఆర్.ఎల్.డి. కార్డులు. చివర ఎండ్ కార్డు. మొదటి గడిలో 12, 2, 9 అడ్డవరుసల్లో మూడు బెజ్జాలు ఉండేవి. మామూలు రాతలో ఆ కలయిక రాదు కనుక, ఇది ఆబ్జెక్టు కార్డు అని యంత్రం పోల్చుకునేది. ఒక టి.ఎక్స్.టి. కార్డులో 17వ గడినుంచి 72వ గడి వరకు, అంటే 56 బైట్ల సరుకు పట్టేది. 4096 బైట్ల చిన్న ప్రోగ్రాముకు సరుకు కార్డులే కనీసం 74 కావాలి.

చివరి ఎనిమిది గళ్లు, 73నుంచి 80 వరకు, వరుస సంఖ్యకు కేటాయించారు. కట్ట చేయిజారి కిందపడితే కార్డుల్ని సార్టరు యంత్రంలో వేసి మళ్లీ వరుసలో పెట్టుకోవడానికి అది పనికివచ్చేది. ఆ పనిచేసిన మిత్రులకు ఈ ఎనిమిది గళ్ల విలువ వేరే చెప్పనక్కరలేదు. ఫార్మాటు అనేది యంత్రం సౌకర్యం కోసం మాత్రమే కాదు, మనుషుల చేతులు ఎలా వణుకుతాయో తెలిసినవారు దాన్ని రాశారని నాకు అప్పుడే అనిపించింది.

మన దేశంలో, మన ఊళ్లో

హైదరాబాదులో 1967లో ఇ.సి.ఐ.ఎల్. ఏర్పడింది. 1969లో వచ్చిన టి.డి.సి.-12, ఆ తర్వాత 1970లలో వచ్చిన టి.డి.సి.-312, టి.డి.సి.-316 కంప్యూటర్లు మన దేశంలో తయారైనవి. టి.డి.సి. అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటరు. 1978లో ఐ.బి.ఎం. మన దేశంలో కార్యకలాపాలు మూసివేసి వెళ్లిపోయింది. ఆ యంత్రాల నిర్వహణ బాధ్యత మన సి.ఎం.సి. చేతికి వచ్చింది. విదేశీ కంపెనీ వెళ్లిపోయినా వారి యంత్రాలు ఆగిపోలేదు. దానికి మనవారి ప్రతిభ ఒక కారణమైతే, ఆ యంత్రాల ఫార్మాట్లు, ఆజ్ఞలు మాన్యువళ్లలో అచ్చయి ఉండటం మరో కారణం. రాసిపెట్టి ఉన్నదాన్ని చదివి ఎవరైనా నేర్చుకోవచ్చు.

1970లలో మైక్రోప్రాసెసర్లు వచ్చాక కార్డుల కట్టలకు కాలం చెల్లింది. ఒక చిన్న చిప్పులో ప్రోగ్రామును శాశ్వతంగా పెట్టేయవలసి వచ్చింది. వీటిని ఈప్రాం చిప్పులు అనేవారు. పైన చిన్న గాజు కిటికీ ఉండేది. ఆ కిటికీ గుండా అతినీలలోహిత కాంతి పంపిస్తే లోపలి రాత చెరిగిపోయి, చిప్పు మళ్లీ రాయడానికి సిద్ధమయ్యేది. ఎండ తగిలినా కొద్దిరోజుల్లో చెరిగే ప్రమాదం ఉంది కనుక కిటికీ మీద కాగితం అంటించేవాళ్లం.

ఈ చిప్పులో రాసే యంత్రానికి ప్రోగ్రామును అందించడానికి ఇంటెల్ కంపెనీ ఒక రూపం తయారు చేసింది. అదే ఇంటెల్ హెక్స్. దీని గొప్పతనమంతా సరళత్వమే. ఇది మామూలు అక్షరాల్లో ఉంటుంది. కాగితం మీద అచ్చువేయవచ్చు, చేత్తో రాయవచ్చు, ఫోనులో చదివి వినిపించవచ్చు. పైన చెప్పిన మూడు బైట్ల ప్రోగ్రాము ఈ రూపంలో ఇలా ఉంటుంది:

:0320000006097658

విడదీసి చూద్దాం. మొదటి రెండు చుక్కలు వరుస మొదలైందనే గుర్తు. 03 అంటే సరుకు మూడు బైట్లు. 2000 అంటే దాన్ని పెట్టవలసిన చిరునామా. 00 అంటే ఇది మామూలు సరుకు వరుస. 06, 09, 76 అసలు ప్రోగ్రాము. చివరి 58 సరిచూపు సంఖ్య.

ఈ అంకెలు పదహారు మూలంగా లెక్కించేవి. కనుక 20 అంటే మన లెక్కలో 32, 76 అంటే 118, 58 అంటే 88. ఇప్పుడు సరుకు వరకు కూడండి: 3, 32, 0, 0, 6, 9, 118. మొత్తం 168. దానికి 88 కలిపితే సరిగ్గా 256. ప్రతి వరుస మొత్తం 256కు గుణిజం కావాలి. కాకపోతే ఎక్కడో తేడా ఉన్నట్లే. మన అకౌంట్సు మిత్రులు రోజు చివర నగదు పుస్తకం మూసేటప్పుడు అడ్డం మొత్తం, నిలువు మొత్తం సరిచూసుకునే పద్ధతే ఇది.

మోటరోలా కంపెనీ తన 6800 ప్రాసెసరు కోసం ఇటువంటిదే మరో రూపం పెట్టుకుంది. అందులో ప్రతి వరుస ఎస్ అనే అక్షరంతో మొదలవుతుంది. ఎస్0 తలకట్టు, ఎస్1 సరుకు, ఎస్9 ముగింపు. సరిచూపు లెక్కలో కొద్ది తేడా. అందులో మొత్తం 255తో ముగియాలి. ఒకే అవసరానికి రెండు కంపెనీలు రెండు ఫారాలు అచ్చువేయించుకున్నాయన్నమాట.

చక్కెర ఫ్యాక్టరీ కాటా

సరిచూపు సంఖ్య విలువ నాకు పుస్తకంలో కంటే ఒక చక్కెర ఫ్యాక్టరీ కాటా దగ్గర బాగా తెలిసింది. 1987లో, చెరుకు క్రషింగు సీజను మధ్యలో, ఒక ఫ్యాక్టరీవారి ఎలక్ట్రానిక్ వేబ్రిడ్జి ఆగిపోయింది. ఫ్యాక్టరీ పేరు, ఊరు ఇక్కడ అనవసరం. దానిలోని 8085 ప్రాసెసరు బాగానే ఉంది గాని, 2048 బైట్ల ఈప్రాం చిప్పులో రాత చెడిపోయింది. కిటికీ మీద కాగితం ఎప్పుడో ఊడిపోయింది. కాటా అమర్చిన సంస్థ వ్యాపారం ఎత్తేసింది. మూల ప్రోగ్రాము ఎవరి దగ్గరా లేదు. దాని ఫ్లాపీకి బూజుపట్టింది. కాటా యంత్రం అట్టపెట్టెలో వచ్చిన కాగితాల్లో మాత్రం ఇంటెల్ హెక్స్ రూపంలో ప్రోగ్రాము మొత్తం అచ్చువేసిన కాగితాలు దొరికాయి. వరుసకు 16 బైట్ల చొప్పున 128 వరుసలు, ఆపైన ముగింపు వరుస.

బయట చెరుకు బండ్లు, ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా ఆగి ఉన్నాయి. కొట్టిన చెరుకు ఎండలో ఉన్నకొద్దీ బరువు తగ్గుతుంది, చక్కెర పాలూ తగ్గుతుంది. ఆ నష్టం రైతుది. పాత తూకపు కాటా ఒకటి ఉంది గాని దాని పనితనం బండెడు చెరుకుకు గంట. మా ప్రయోగశాలకు మనిషిని పంపారు.

నేను, మా టెక్నీషియను కలిసి ఆ రాత్రి కూర్చున్నాం. నేను చదువుతుంటే ఆయన కొట్టేవారు. పదహారు మూలపు లెక్కలో పదినుంచి పదిహేను వరకు ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్ అక్షరాలు వాడతారు. బి, డి, ఇ నోటితో చెబితే ఒకదానిలాగే మరొకటి వినిపిస్తుంది. అందుకని "బొంబాయి బి", "ఢిల్లీ డి" అంటూ తంతి ఆఫీసు పద్ధతిలో చదివాను. వరుస పూర్తికాగానే యంత్రం మొత్తం కూడి చూసేది. తేడా వస్తే అక్కడికక్కడే ఆగి, "సార్, నలభైమూడో వరుస ఇంకోసారి చెప్పండి" అనేవారాయన. సిరా చెరిగిపోయి, 8 అవునో 3 అవునో తేలని అంకెలు కొన్ని ఉన్నాయి. అక్కడ సరిచూపు సంఖ్యనుంచి వెనక్కు లెక్కగట్టి, ఏ అంకె అయితే మొత్తం సరిపోతుందో అదే పెట్టాం. వరుసలో ఒక్క అంకె మాత్రమే తెలియనప్పుడు ఇలా చేయవచ్చు.

ఈ పద్ధతికి ఒక లోపం ఉంది. పక్కపక్క బైట్లు రెండూ తారుమారైతే మొత్తం మారదు. పద్దులో రెండు వరుసలు అటుదిటు రాసినా మొత్తం మారనట్లే. అందుచేత అంతా అయ్యాక, ఈసారి ఆయన చదువుతుంటే నేను చూస్తూ, మొదటినుంచి చివరిదాకా మరోసారి సరిపోల్చాం. తెల్లవారేసరికి కొత్త చిప్పు తయారైంది. మధ్యాహ్నానికి కాటా నడిచింది. బరువులు సరిగా చూపిస్తున్నదో లేదో ముద్ర వేసిన తూకపు రాళ్లతో పరీక్షించాకనే బండ్లు ఎక్కనిచ్చారు.

ఆ కాగితాలు యంత్రానికి మాత్రమే అర్థమయ్యే రహస్య రూపంలో ఉండి ఉంటే మేము చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. మనిషి కంటితో చదవదగిన, ఎవరైనా లెక్క సరిచూసుకోదగిన రూపం కనుక, తయారీదారు లేకపోయినా పని జరిగింది.

యూనిక్స్, డాస్ వైపు

ఇటు మైక్రోప్రాసెసర్ల కథ ఇలా ఉండగా, అమెరికాలో బెల్ ప్రయోగశాలల్లో పుట్టిన యూనిక్స్ తన సొంత రూపం ఏర్పరచుకుంది. దాని పేరు ఎ.అవుట్. అసెంబ్లర్ అవుట్‌పుట్ అనే రెండు మాటలను పొట్టిచేస్తే వచ్చిన పేరది. ఆ ఫైలు మొదట్లో ఉండే గుర్తుసంఖ్య ఎనిమిది మూలంలో 407. పి.డి.పి.-11 కంప్యూటరు ఆజ్ఞల్లో ఆ 407కు అర్థం "ముందున్న తలకట్టు దాటి ముందుకు దూకు" అని. ఫైలు తలకట్టుతో సహా జ్ఞాపకశాలలోకి ఎక్కినా యంత్రం తలకట్టును దాటుకుని నేరుగా ప్రోగ్రాములోకి వెళ్లేది. తర్వాతి కాలంలో ఆ అవసరం పోయింది గాని, 407 మాత్రం గుర్తుసంఖ్యగా నిలిచిపోయింది. మన ఫారాల్లో ఎప్పటివో గళ్లు ఇంకా అచ్చవుతూ ఉండటం లేదూ!

ఎ.అవుట్ మరీ సాదాగా ఉందని ఎ.టి. అండ్ టి. కంపెనీ సిస్టం ఫైవ్ యూనిక్స్‌లో కాఫ్ అనే రూపం తెచ్చింది. దానికీ ఇబ్బందులు ఎదురయ్యాయి. విభాగాల పేర్లకు ఎనిమిది అక్షరాలే చోటు, అనేక ప్రోగ్రాములు ఒకే లైబ్రరీని పంచుకోవడానికి వీలు తక్కువ. అందుకని 1980ల చివరలో సిస్టం ఫైవ్ నాలుగో విడుదలతో ఎల్ఫ్ వచ్చింది. ఎల్ఫ్ ఫైలులో మొదటి బైటు 127, ఆ తర్వాత ఇ, ఎల్, ఎఫ్ అనే మూడు అక్షరాలు ఉంటాయి. 32 బిట్ల యంత్రమా, 64 బిట్ల యంత్రమా, ఏ ప్రాసెసరు అన్నీ తలకట్టులోనే చెబుతుంది. తర్వాత రాబోయే యంత్రాలకు గళ్లు ముందే ఖాళీగా ఉంచడమే దాని దీర్ఘాయుష్షుకు కారణం.

వ్యక్తిగత కంప్యూటర్లలో డాస్ వాడినవారికి ".ఓబీజే" ఫైళ్లు గుర్తుండవచ్చు. అవి ఇంటెల్ నిర్ణయించిన ఓ.ఎం.ఎఫ్. రూపంలో ఉండేవి. పేర్లకు ఒక రికార్డు, సెగ్మెంట్లకు ఒకటి, సరుకుకు ఒకటి, సవరణలకు ఒకటి, ముగింపుకు ఒకటి. ప్రతి రికార్డు చివర మళ్లీ సరిచూపు సంఖ్యే. కార్డుల కట్ట పద్ధతి పేరు మార్చుకుని ఇక్కడికి వచ్చిందనిపిస్తుంది.

1993లో వచ్చిన విండోస్ ఎన్.టి. మాత్రం యూనిక్స్‌వారు పక్కన పెట్టిన కాఫ్‌ను తీసుకుని, మార్పులు చేసి వాడుకుంది. ఇంకో వింత చెబుతాను. డాస్, విండోస్‌లలో నడిచే ".ఇఎక్స్ఇ" ఫైళ్లు ఎం, జెడ్ అనే రెండు అక్షరాలతో మొదలవుతాయి. అవి మైక్రోసాఫ్టులో డాస్ మీద పనిచేసిన మార్క్ జ్బికోవ్స్కీ అనే ఇంజనీరు పేరులోని పొడి అక్షరాలు. ఈనాటి 64 బిట్ల విండోస్ ప్రోగ్రాములు కూడా ఆయన సంతకంతోనే మొదలవుతున్నాయి.

అన్ని ఫారాలూ నింపగల అసెంబ్లరు

1990ల మధ్యకు పరిస్థితి ఎలా ఉందంటే, యంత్రం ఒకటే, ఆ ఇంటెల్ ప్రాసెసరే. దాని మీద డాస్, విండోస్, లినక్స్, రకరకాల బి.ఎస్.డి.లు నడుస్తున్నాయి. ఆజ్ఞలు ఒకటే అయినా ఆబ్జెక్టు ఫైలు రూపం మాత్రం ఒక్కొక్కరిది ఒక్కొక్కటి. ఒక్కో కంపెనీ అసెంబ్లరు ఒక్కో రూపమే ఇచ్చేది. కొన్నిటికి డబ్బు చెల్లించాలి. ఉచితంగా దొరికేవి మరో భాషా కంపైలరుకు తోకగా తయారైనవి, మనిషి నేరుగా రాయడానికి ఇబ్బంది.

అప్పుడు సైమన్ టాథం, జూలియన్ హాల్ అనే ఇద్దరు నాస్మ్ అనే అసెంబ్లరును రాసి 1996లో ఉచితంగా విడుదల చేశారు. వారు చేసిన తెలివైన పని ఏమిటంటే, ఆజ్ఞల్ని అంకెలుగా మార్చే భాగాన్నీ, ఫైలు రూపం రాసే భాగాన్నీ విడివిడిగా కట్టడం. మొదటి భాగం ఒక్కటే ఉంటుంది. రెండో భాగం ఫార్మాటుకు ఒకటి చొప్పున ఎన్నయినా చేర్చుకోవచ్చు. ఆజ్ఞాపంక్తిలో "ఎఫ్" అనే గుర్తు తర్వాత కావలసిన ఫార్మాటు పేరు రాస్తే చాలు. ఒకే గుమాస్తా ఏ శాఖ ఫారమైనా నింపి ఇచ్చినట్లు.

దానిలో ఉన్న ఫార్మాట్లను వరుసగా చెబితే ఇంతవరకు చెప్పిన చరిత్రంతా తిరిగి చదివినట్లవుతుంది. ఏ తలకట్టూ లేని ఉత్త అంకెల రూపం బిన్. కంప్యూటరు ఆన్ చేయగానే డిస్కునుంచి మొదట చదివే 512 బైట్ల బూట్ సెక్టారుకు అది పనికివస్తుంది. ఈప్రాం చిప్పుల కోసం ఇంటెల్ హెక్స్, మోటరోలా ఎస్ రికార్డు. డాస్ కోసం ఓ.ఎం.ఎఫ్. విండోస్ కోసం 32, 64 బిట్ల రూపాలు. కాఫ్. లినక్స్ కోసం ఎల్ఫ్. పాత లినక్స్, బి.ఎస్.డి.ల కోసం ఎ.అవుట్. ఆపిల్ కంప్యూటర్ల కోసం మాక్-ఓ. ఇంకా ఎవరైనా కొత్త ఫార్మాటు చేర్చాలనుకుంటే, అసెంబ్లరు లోపల ఏ దశలో ఏమి అందుతుందో వరుసగా రాసి చూపించే డి.బి.జి. అనే రూపం కూడా పెట్టారు. కొత్తగా చేరిన గుమాస్తాకు నమూనా ఫారం ఇచ్చినట్లు.

పోయినవి, మిగిలినవి

ఎల్ఫ్ వచ్చాక లినక్స్‌వారు 1990ల మధ్యలోనే ఎ.అవుట్‌ను వదలడం మొదలుపెట్టారు. అయినా పాత ప్రోగ్రాములు నడపడానికి ఆ ఏర్పాటును ఏళ్ల తరబడి ఉంచి, 2022లో తీసివేశారు. ఒక ఫార్మాటుకు పదవీ విరమణ ఇవ్వడానికి పాతికేళ్లు పట్టిందన్నమాట. అంతకాలం ఆగడం వారి మర్యాద. ఎక్కడో ఎవరో ఆ పాత ప్రోగ్రాము మీద ఆధారపడి ఉండవచ్చు కదా!

ఎల్ఫ్ మాత్రం మన చేతుల్లోకే వచ్చేసింది. ఆండ్రాయిడ్ ఫోనుల్లో యంత్రభాషలో ఉండే లైబ్రరీలు ఎల్ఫ్ రూపంలోనే ఉంటాయి. మనం ఫోనులో మనుమలతో మాట్లాడుతున్నప్పుడు పనిచేసేవి అవే. ఇక ఇంటెల్ హెక్స్ సంగతి మరీ ఆశ్చర్యం. 1970లలో పుట్టిన ఆ రూపాన్ని బడిపిల్లలు సైన్సు ప్రదర్శనలకు వాడే ఆర్డువినో ఊనో బోర్డులు కూడా వాడుతున్నాయి. పిల్లవాడు ఒక మీట నొక్కుతాడు, తెర వెనక అవే రెండు చుక్కలు, అదే సరిచూపు సంఖ్య.

పోయినవి ఎందుకు పోయాయి, నిలిచినవి ఎందుకు నిలిచాయి అని ఆలోచిస్తే నాకు మూడు సంగతులు కనిపిస్తున్నాయి. నిలిచినదాని నియమాలు అచ్చులో అందరికీ అందుబాటులో ఉన్నాయి. తప్పు జరిగితే పట్టుకునే ఏర్పాటో, రేపటి అవసరానికి ఖాళీ గడో అందులో ఉంది. ఒకే కంపెనీ బతుకు మీద అది ఆధారపడలేదు. గొప్ప తెలివితేటలతో తయారైనా ఈ మూడూ లేని రూపాలు యజమానితోపాటే పోయాయి.

ఇది మన కాగితాలకూ వర్తిస్తుంది. పి.పి.ఓ.లో కుటుంబ పింఛనుదారు పేరు, పుట్టినతేదీ సరిగా నమోదై ఉన్నాయో లేదో ఈ సంచిక చదివాక ఒక్కసారి తీసి చూసుకోండి. మనం ఉన్నంతకాలం ఆ గడి ఖాళీగా ఉన్నా ఇబ్బంది తెలియదు. అది అవసరమయ్యే రోజున నింపడానికి మనం ఉండం. 2014లో వచ్చిన డిజిటల్ జీవన ప్రమాణ పత్రం మన నవంబరు ప్రయాణాలను తగ్గించింది గాని, అందులో పెట్టే వివరాలు ముందు మన రికార్డులో సరిగా ఉండాలి.

చివరగా ఒక మనవి. మన విభాగాల్లో పనిచేసిన మిత్రుల ఇళ్లలో, అటకల మీద, పాత ప్రోగ్రాము లిస్టింగులు, కార్డుల కట్టలు, యంత్రాల మాన్యువళ్లు ఇంకా ఉండవచ్చు. తూకానికి వేసే ముందు సంఘం కార్యాలయానికి ఒక్క కబురు పెట్టండి. వాటిని చదవగలవారు మనలో ఇంకా ఉన్నారు. మనం చదివి, ఏ కాగితం దేనికి సంబంధించినదో పైన రెండు వాక్యాలు రాసిపెడితే, మన తర్వాత కూడా అవి చదవదగినవిగా ఉంటాయి. పెన్షనరు మిత్రులందరికీ, వారి కుటుంబాలకూ ఆయురారోగ్యాలు కలగాలని కోరుకుంటున్నాను.